వెనుక నుంచి పిలిస్తే

నా బిడ్డకు మాటలు తొందరగా వస్తాయని వాడకట్టంతా చాటింది నేనే. నేను నోరు తెరిస్తే చాలు, సాత్విక నా పెదవుల వంక కన్నార్పకుండా చూసేది. ఏడో నెలకే ఇంత తెలివా అని మురిసిపోయాను.

ఈ వయసు పిల్లలను కనబడకుండా వెనుక నుంచి పిలిచి, తిరుగుతున్నారో లేదో చూడాలని అంగన్‌వాడీ టీచర్ చెప్పింది. ఇక రోజూ నాకు అదే పని. బట్టల షాపు నుంచి రాగానే, మా అత్తమ్మ చంద్రవ్వ ఒళ్లో ఉన్న పిల్లను వెనుక నుంచి పిలిచేదాన్ని. టక్కున తిరిగేది.

"సూసినవా వినీతా, అమ్మ గొంతంటే ఎట్ల తిరుగుతదో!" అని అత్తమ్మ నవ్వేది. నా భర్త సతీశ్ మాత్రం సరిగ్గా అప్పుడే ఫోన్‌లో తల దూర్చేవాడు. మగవాళ్లకు ఇవేం పట్టవులే అనుకున్నాను. నా అంత పిచ్చిది ఇంకెవరూ ఉండరు.

నిన్న వచ్చేసరికి అత్తమ్మ పెరట్లో ఉంది. సాత్విక ఒక్కతే చాప మీద కూర్చుని గిలక్కాయ కొరుకుతోంది. పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. స్టీలు పళ్లెం తెచ్చి దాని వెనుక నిలబడి గరిటెతో కొట్టాను. నా చెవులు గింగురుమన్నాయి గానీ పిల్ల మెడ కదల్లేదు.

ఆ చప్పుడుకు అత్తమ్మ తడి చేతులతో ఉరికొచ్చింది. పిల్లను ఒళ్లోకి తీసుకుని, "ఇప్పుడు పిలువు" అంది. పిలిచాను. అత్తమ్మ వేలు పిల్ల భుజాన్ని మెల్లగా పొడిచింది. సాత్విక తిరిగి నన్ను చూసి నవ్వింది.

రోజూ ఆ వేలు అక్కడే ఉంది. నేనే పిల్ల ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు. ఒళ్లు మండిపోయింది.

సతీశ్ రాగానే గల్లా పట్టినంత పని చేశాను. చివరికి చెప్పాడు.

"పుట్టినప్పుడే దవాఖానల చెవుల పరీక్ష చేసిన్రు. అనుమానముంది, నెలలోపు మళ్ల తీస్కరమ్మన్నరు. నువ్వు బాలింతవు. ఏడిస్తే పాలు ఎండిపోతయని అవ్వ చెప్పొద్దన్నది."

"నీ మంచికే గదా బిడ్డా," అంది అత్తమ్మ. "నీ పెనిమిటి గూడ చిన్నప్పుడు పిలిస్తే పలికెటోడు గాదు. పెద్దగైనంక మంచిగైండు. దీనికి గూడ అట్లనే బాగైతదనుకున్న."

"పాలు ఎండిపోతే డబ్బపాలు పట్టేదాన్ని! పోయిన నెలలు యాడికెల్లి తేవాలె?" అని అరిచాను. తర్వాత ఇంకొకటి గుర్తొచ్చి సతీశ్ వైపు తిరిగాను. "తొట్టెల నాడు అందరి ముందల దాని చెవిల పేరు చెప్పినవ్ గదా. అప్పటికే నీకు ఎరుకేనా?"

"ఎరుకే," అన్నాడు సతీశ్.

ఆ రోజు నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

పొద్దున్నే ఆటో మాట్లాడుకుని దవాఖానకు బయలుదేరాను. సతీశ్ కూడా ఎక్కి పక్కన కూర్చున్నాడు. నేను దిగమనలేదు. సాత్వికను నాకు ఎదురుగా కూర్చోబెట్టుకుని పేరు పెట్టి పిలిచాను. నా పెదవుల వంక కన్నార్పకుండా చూసింది. నేను తెలివి అనుకుని ఊరంతా చెప్పుకున్న చూపు అదే. ఇన్నాళ్లూ నా బిడ్డ నా మాట కోసం నా మూతి మీద వెతుక్కుంటోంది. ఆ సంగతి ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు.