చేపా, తాబేలూ

ఉదయం పది నలభైకి బోర్డు మీద ఒకే ఒక్క నంబరు పెట్టారు, పద్నాలుగు, పద్నాలుగంటే చేప, చేప బ్యాడ్జీ పెద్దదానికి నేనే పెట్టాను, తొమ్మిదింటికి, గేటు దగ్గర, పిన్ను వంగితే గోటితో సరిచేసి మరీ పెట్టాను, పదిహేను తాబేలు, అది చిన్నదానికి, మరి ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని ఊగుతున్న పెద్దదాని గౌను మీద తాబేలుందేమిటి, చిన్నది చేపను వేలితో రుద్దుతూ కూర్చుందేమిటి. ఏడు నిమిషాల తేడాతో పుట్టిన కవలలు, నాలుగేళ్లు నిండాయి, ఈ ఇంటర్నేషనల్ స్కూల్లో చిన్నపిల్లల తరగతికి మిగిలింది ఒక్క సీటు, అది తెలిసే ఇద్దరికీ దరఖాస్తు పెట్టాం, అక్షరాలు రాని పిల్లలు కదా, అందుకే నంబరు పక్కన బొమ్మ, లోపల టీచర్లు ఏది రాసుకున్నా ఆ నంబరు కిందే.

ఎప్పుడు మార్చుకున్నారే అని అడిగాను, లోపలికెళ్లే ముందే నాన్నా అంది పెద్దది, కాదు, ఆటలన్నీ అయ్యాక, చేతులు కడుక్కునేటప్పుడు, అంది చిన్నది, అసలెందుకు మార్చుకున్నారంటే, తాబేలు మెల్లగా నడుస్తుంది నాన్నా, నాకొద్దు, అంది చిన్నదే. ముందే మార్చుకుంటే సీటు చిన్నదానిది, తర్వాతైతే పెద్దదానిది, అంటే ఇద్దరూ సీటు పక్కదానికే ఇచ్చేస్తున్నారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

లోపల పిల్లల్ని ఆడించి చూసిన గంటసేపూ అద్దం ఇవతల నిలబడ్డాను, చేప పెట్టుకున్న పిల్ల చెక్కముక్కలతో వంతెన కట్టింది, టీచరు ఇంగ్లీషులో ఏదో అడిగితే చెప్పింది, టీచరు నవ్వింది, తాబేలు పెట్టుకున్నది బల్ల కిందికి దూరి చూస్తూ కూర్చుంది, పెద్దది అదరగొడుతోందని అప్పుడే మా ఆవిడకి మెసేజీ కూడా పెట్టాను, ఇప్పుడు ఆసుపత్రి డ్యూటీలోంచి ఆవిడే ఫోన్, ఎవరికొచ్చిందండీ, చేపకొచ్చింది, చేపేమిటండీ, నేను కన్నది పిల్లల్ని, చెప్పాను, అంతా విని, చిన్నదానికి చెవి కింద పుట్టుమచ్చ ఉంటుందిగా, చూళ్లేదా, జుట్టు అడ్డమొచ్చింది, దూరం కూడా, అన్నాను, సరే, గంటసేపూ మీరు ముఖం చూశారా, బ్యాడ్జీ చూశారా, అంది, వార్డులో ఎవరో పిలిచారు, పెట్టేసింది.

కౌంటర్లో ఆమె కాగితం నా వైపు తిప్పింది, పద్నాలుగు మీ పెద్దమ్మాయేగా సార్, ఇక్కడో సంతకం, పన్నెండింటిలోపల చెయ్యకపోతే సీటు వెయిటింగులో ఉన్న తొమ్మిదో నంబరుకి వెళ్తుంది, తొమ్మిదో నంబరు తల్లి వెనక కుర్చీలోనే ఉంది, సంచి సర్దుకోవడం మానేసి నన్నే చూస్తోంది, సంతకం పెట్టేస్తే అడిగేవాళ్లు లేరు, పెద్దదానికే వచ్చిందేమో, సగానికి సగం అవకాశం, సగం తక్కువేం కాదు, కానీ రేపు క్లాసులో బల్ల కిందికి దూరితే, ఇంట్లో మిగిలింది గోడ పక్కన వంతెనలు కడుతుంటే. పదకొండేళ్లుగా ల్యాబులో రక్తం గొట్టాలకు లేబుళ్లు అంటిస్తున్నాను, ఒక్కటీ మారలేదు, చేరిన రోజు మా సీనియర్ చెప్పిందొకటే, లేబుల్ మీద అనుమానమొస్తే ఊహించకురా, పారబోసి మళ్లీ తియ్యి, పేషెంటు తిట్టినా సరే, అక్కడ ముఖాలు చూడక్కర్లేదు, లేబుల్ చూస్తే చాలు, గంటసేపు అద్దంలోంచి నేను చూసింది కూడా లేబులే.

పదకొండూ ఇరవైకి రెండు బ్యాడ్జీలూ విప్పి కౌంటర్ మీద పెట్టాను. ఇవి మారాయండీ, ఎప్పుడు మారాయో నాకు తెలీదు, ఇద్దర్నీ మళ్లీ చూడండి, అన్నాను. అలా కుదరదేమో సార్, సీటు పోవచ్చు, అంది. తెలుసండీ, అన్నాను. ఆమె లోపలికి ఫోన్ చేసి మాట్లాడింది. పదకొండూ ఇరవై ఆరుకి లేచి వెళ్లి బోర్డు మీంచి పద్నాలుగు తీసేసింది.