నత్తగారి లెక్క

పరిశోధనశాల కింది గదిలో, పాత కంప్యూటర్ మిషన్ మీదున్న స్టీలు గ్లాసులో ఆమె నీళ్ళు పోసింది. గ్లాసు ఆమెతో పనిచేసే పెద్దాయన నత్తగారిది. మిషన్ సెగకు గోరువెచ్చబడితే గానీ ఆయనకు నీళ్ళు గొంతు దిగవు. ఆయన ఆస్పత్రిలో చేరినా ఆమె చెయ్యి ఆ అలవాటు మానలేదు.

ఆ పరిశోధనశాలలో లెక్కల్ని పరుగెత్తించడం ఆమె పని. ఒకదానితో ఒకటి ముడిపడ్డ క్వాంటం కణాలు క్షణక్షణానికీ ఎలా మారతాయో కంప్యూటర్ తేల్చాలి. కాలం గడిచేకొద్దీ ముడులు పెరిగి లెక్క కొండంత అవుతుంది. బలహీనమైన ముడుల్ని ప్రతి అడుగులోనూ వదిలేస్తూ ఆమె నెలల లెక్కను పూటలో ముగించేది. ఇంట్లోనూ అంతే. అన్నం ఉడికేలోపు ఇల్లు ఊడ్చి, అత్తగారికి మందులిచ్చి, నిలబడే నాలుగు మెతుకులు తినేది.

"నిన్నెవరన్నా తరుముతున్నారా అమ్మాయ్?" అని నవ్వేవారు నత్తగారు. ఆయన ఒక్క ముడినీ వదలరు, లెక్క నత్తనడక నడుస్తుంది, అందుకే ఆ పేరు. ఆస్పత్రికి వెళ్ళేముందు ఆమె లెక్కనే కొద్ది కణాలతో, తన పద్ధతిలో, పాత మిషన్‌కు అప్పగించారు.

"ఊరికే, సరిచూద్దామని. మనిద్దరి మధ్యే ఉండనీ."

ఈ పొద్దున గిన్నెలు తోముతుంటే ఆమె గుండె ఝల్లుమంది. ఎంత చిన్న ముడిని వదలొచ్చో చెప్పే హద్దును ఒకసారి పరీక్ష కోసం సడలించింది. మళ్ళీ బిగించిందా? పరిశోధనశాలకు రాగానే చూసుకుంది. బిగించలేదు. ఆ ఫలితాల మీదే రేపు ప్రొఫెసర్ పెద్ద సభలో మాట్లాడబోతున్నారు. నత్తగారి లెక్కతో తేడా వస్తే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడింది.

మధ్యాహ్నం నత్తగారి భార్య ఫోన్ చేసింది.

"ఇందాకే పోయారమ్మా. నిద్రలోనే. నీ లెక్క అయిందా అని నిన్న కూడా అడిగారు."

"ఇంకా అవలేదు పిన్నిగారూ," అంది.

సాయంత్రానికి పాత మిషన్ పని ముగించింది. అవే కొద్ది కణాలకు తన పద్ధతిలో వచ్చిన గీతనూ, నత్తగారి గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. సగం దాకా అతుక్కునే నడిచాయి. ఆ తర్వాత ఆమె గీత పక్కకు జరిగింది, ఇంకా జరిగింది. ఈ లెక్క సంగతి తెలిసిన ఆ ఒక్కరూ పోయారు. చెరిపేస్తే అడిగే నాథుడు లేడు. వేలు మీట మీద పెట్టింది కూడా. నిన్న కూడా అడిగారన్న మాట చెవిలో మెదిలింది. వేలు తీసేసింది.

ఎన్నడూ లేనిది, ప్రొఫెసర్ గది మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కింది.

"సార్, తప్పు నాదే. రేపు ఆ ఫలితాలు చెప్పకండి."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "ఎవరు పట్టుకున్నారు?"

"నత్తగారు."

ఆయన కళ్ళద్దాలు తిరిగి పెట్టుకున్నారు. "ఇంటికి వెళ్ళమ్మా. రేపు చూద్దాం," అన్నారు.

రేపు ఏమవుతుందోనన్న భయం మెట్లు దిగుతున్నా వదల్లేదు. సంచీ కోసం కింది గదిలోకి వచ్చింది. పాత మిషన్ చప్పుడు ఆగిపోయింది. దాని మీద గ్లాసులో నీళ్ళు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.