నైలు ఒడ్డున గోడ

ఆ గోడను చూడగానే ఇన్షిరాహ్‌కు ఒళ్లు మండిపోయింది.

కైరోలో ఓ నేలమాళిగలో స్కూలు యూనిఫాంలు కుడుతుందామె. కిటికీలు లేవు. మిషన్ల రొద ఇంటిదాకా వెంటొస్తుంది. భర్త చనిపోయిన ఏడాది ఆమెకు గుండెదడ, చేతుల వణుకు పట్టుకున్నాయి. పిల్లలు గ్లాసు కింద పెట్టిన చప్పుడుకే అరిచేది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "రోజూ కాసేపు నీళ్ల దగ్గర కూర్చో," అంది. అప్పటినుంచి పని దిగగానే నైలు ఒడ్డున అరగంట గడిపేది. ఏటిగాలి, రెల్లులో కొంగలు. ఇల్లు చేరేసరికి మళ్లీ మనిషయ్యేది.

ఇప్పుడక్కడ గోడ. గోడ వెనక కాఫీ హోటలు.

తిన్నగా లోపలికెళ్లి నీళ్ల పక్క కుర్చీలో కూర్చుంది.

"ఏం తెమ్మంటారమ్మా?" అన్నాడు సర్వరు.

"ఏమీ వద్దు. నైలును చూసి పోతాను."

"ఊరికే కూర్చోనివ్వరమ్మా."

"ఏం, ఈ నది మీ తాత తవ్వించాడా?"

మేనేజరు వచ్చాడు. "అమ్మా, ఇది కుటుంబాలు వచ్చే చోటు. గొడవ చేయకండి."

"నా ముగ్గురు పిల్లలూ చెట్టుకి కాశారనుకున్నావా?"

పక్క బల్లలవాళ్లు నవ్వారు. కాపలావాళ్లిద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆమెను వీధిలో వదిలారు.

ఆ వారమంతా ఆమెకు నిద్ర లేదు. పాలు ఒలికాయని చిన్నకూతురు సమర్‌ను చెంపమీద కొట్టింది. పిల్ల ఏడవలేదు, బిత్తరపోయి చూసింది. ఆ దెబ్బ తినాల్సింది పిల్ల కాదు, గోడ కట్టినవాళ్లు.

మర్నాడు పక్క మిషను మీద కుట్టే జకియ్యాతో అంది, "ఏరు దాటించే లాంచీ ఎక్కుదాం రావే. అటూ ఇటూ తిరుగుదాం. నది మధ్యలో గోడ కట్టలేరుగా."

"గట్టిగా అనకే తల్లీ, వింటే కట్టేస్తారు!"

సమర్‌ను కూడా తీసుకెళ్లారు. లాంచీ నడిమికి వచ్చేసరికి చల్లగాలి ముఖానికి కొట్టింది. రెండోసారి దాటేటప్పుడు చేతుల వణుకు తగ్గింది. పిల్లను దగ్గరికి తీసుకుని, "నిన్ను కొట్టడం నా తప్పేనమ్మా," అంది. సమర్ తల్లి భుజానికి తల ఆనించింది.

కోపం మాత్రం తగ్గలేదు. గుండె కుదుటపడ్డాక అది ఇంకా తేటగా కనిపించింది. వారం తిరక్కుండానే గోడ తీయించమని నలభైమంది కుట్టుపనివాళ్ల సంతకాలతో అర్జీ రాసి జిల్లా కార్యాలయానికెళ్లింది. గుమాస్తా కాగితం పక్కన పడేసి, రేపు రమ్మన్నాడు.

"రేపే కాదు, రోజూ వస్తాను," అంది ఇన్షిరాహ్, ఎదుట ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంటూ.