యాడికీ పోని నడక

సుందరలక్ష్మి కాలు మొద్దుబారిందంటే చక్కెర రోగం మీదికి తోసేస్తారు. అబద్ధం! కోయిలకుంట్ల బజారు షావుకార్లూ, ఆ కాలిని చంపుతున్నది మీరే. మీ ఇంటి ఆడది వీధిలో నడిస్తే అంగడి దివాలా తీసిందనుకుంటారని వణికే మీ పరువే.

ఆమె మొగుడు గంగాధరం కిరాణా అంగడి పైనే వాళ్ల కాపురం. మిద్దె మెట్లు నేరుగా అంగట్లోకే దిగుతాయి. వేరే వాకిలి లేదు. వీధి మొహం చూడాలంటే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మొగుణ్ణి దాటుకునే పోవాలి.

"రోజూ నడవకపోతే ఆ కాలు దక్కదు" అని డాక్టరు కసిరి పంపాడు. కొడుకు ప్రదీప్‌కుమార్ వెంటనే నడిచే మిషన్ తెప్పించి, మిద్దె మీద బస్తాల గదిలో పెట్టించాడు. ఎదురుగా గోడ. ఆమె ఎక్కడం, కాళ్ల కింద పట్టా తిరగడం, గోడ అక్కడే ఉండటం. ఊపిరాడనట్టయి దిగిపోయేది. ఇప్పుడు దాని మీద చీరలు ఆరుతున్నాయి.

మిరపకాయల తొడిమలు తీయడానికొచ్చిన సిద్దమ్మ దాన్ని చూసి పకపకా నవ్వింది.

"యాడికీ పోకుండా నడిచేదేందమ్మా? గానుగెద్దయినా నూనె తీస్తాది."

"నువ్వూ అను. ఇంట్లో అందరూ నాకు బద్దకమంటాండారు."

"మీకా బద్దకం? చలివేంద్రానికి మజ్జిగ బిందె చంకనెత్తుకోని పోతాంటే మీ ఎనక ఉరకలేక సచ్చేదాన్ని గదా!"

అత్తగారి నాటి ఆనవాయితీ అది. ఎండాకాలం బస్టాండు దగ్గర మజ్జిగ పోయాలి. బండి మీద పంపకూడదు, ఇల్లాలే నడిచి మోసుకుపోవాలి. దప్పికగొన్న మనిషి లోటా దించి "హమ్మయ్య" అంటే చాలు, తను ఎంత దూరం నడిచిందో సుందరలక్ష్మికి గుర్తుండేది కాదు. కొడుకు అంగట్లో కూర్చున్నాక అది మాన్పించారు. షావుకారమ్మ బిందె మోయడమేంటని అక్కడ నీళ్ల క్యాను పెట్టి, పైన అంగడి పేరు రాయించారు.

"ఆ క్యాను ఎట్లుండాది సిద్దమ్మా?"

"ఖాళీగా ఉండాది. పేరు మాత్రం శానా బాగుండాది."

సుందరలక్ష్మి లేచి పెరుగు చిలికింది. బిందె చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

"యాడికి?" గంగాధరం అడ్డం నిలబడ్డాడు.

"బస్టాండుకాడికి. నడిచి."

"మిషన్ కొనిచ్చినాం గదా! పైకి పో, గిరాకీలు చూస్తాండారు."

"చూడనీండి."

ప్రదీప్ గబగబా వచ్చి షట్టర్ సగానికి లాగాడు. "అమ్మా, మన మర్యాద కొంచెం ఆలోచించు. కావాలంటే కార్లో దించుతా."

"కార్లో పోతే కాలొస్తాదా నాయినా?"

అంగట్లో సగం చీకటయింది. గంగాధరం చూపు ఆమె పాదాల మీద పడి ఆగిపోయింది. ఎడమ కాలికి చెప్పు లేదు. అది పైమెట్టు మీదే ఉండిపోయింది.

అతని చూపు వెంట ఆమె కూడా తల వంచి చూసుకుంది. జారిన సంగతే తెలియలేదు. బిందెను మాత్రం దించలేదు.

"చూసినారా? నా చెప్పు యాడ జారిందో నా కాలికే తెలీలేదు. ఇంగ మీ మర్యాద యాడుందో నాకేం తెలుస్తాది? పోయి ఆ చెప్పు తెచ్చియ్యండి. రేయ్ ప్రదీపా, షట్టర్ ఎత్తు. రేపు గాదు, ఇప్పుడే ఎత్తు!"