తాళాలాయన విసిరేసిన తాళంచెవి

"రోగమా!" అని అత్తగారు అరిచేసరికి తాళాలాయన చేతిలోని ఆకురాయి జారి కాలిమీద పడింది.

"రోగం కాదత్తయ్యా, రోగ్‌లైక్! వీడియో గేముల్లో అదో రకం. నాకదంటే ప్రాణం."

"ప్రాణాంతకమా?"

ఆవిడ తప్పేమీ లేదు. ఆ ముందుగదిలో సగం ఆయన కొట్టు, సగం భార్య కుట్టు. కుట్టుమిషను గడగడల్లో మాటలు పొట్టిబట్టలైపోతాయి. పైగా అత్తగారివి జీవితమంతా టైపు మిషన్ల మోత విని రిటైరైన చెవులు. ఎవరింటి తాళానికైనా చెవి చేసే అల్లుడికి, ఆ చెవుల తాళం తీయడం మాత్రం చేతకాలేదు.

దానికి తోడు ఆయన చేష్టలు. బేరం లేనప్పుడల్లా అరచేతి వీడియో గేమ్ పట్టుకుని స్టూలు మీద ముడుచుకునేవాడు. ఆ రకం ఆటలో వీరుడికి ఒక్కటే ప్రాణం. గుహలో ఎంత లోతుకి దిగి చచ్చినా మళ్ళీ మొదటి మెట్టే గతి. ఈలోగా గుహ దారులు కూడా మారిపోయి ఉంటాయి. ఈ రకంలోనే గబగబా కత్తి తిప్పే ఆటలున్నాయి, పేకముక్కలు వేసే ఆటలున్నాయి. అవేవీ ఆయనకి గిట్టవు. తానొక అడుగు వేస్తే రాక్షసుడు ఒక అడుగు వేయాలి. "తాళం తీయడం లాంటిది. తొందరపడితే లోపలే విరుగుతుంది" అనేవాడు.

కాసేపటికి "చచ్చాన్రా దేవుడా!" అని కేక. అత్తగారు గ్లాసుడు నీళ్ళతో పరుగు. ఆయనేమో కుడి బొటనవేలు విదిలించుకుంటూ, "మళ్ళీ మొదటికొచ్చిందత్తయ్యా" అనేవాడు. రోగం బొటనవేలిదని, అది తిరగబెడుతోందని ఆవిడ తేల్చేసుకుంది.

"మీ చావులతో చస్తున్నానండీ బాబూ!" అని భార్య కత్తెర ఆడించింది ఒకరోజు.

"సరే, ఒట్టు! ఈసారి వీరుడు చచ్చాడంటే ఈ గేమ్ నీ బీరువాలో పెట్టి నేనే తాళం వేస్తా. చెవి నీ చేతికే ఇస్తా."

ఒట్టు మహిమో ఏమో, ఈ వీరుడు చావలేదు. ఇంతవరకూ మొహమైనా చూడని అట్టడుగు అంతస్తుకి దిగాడు. ఎదురుగా బంగారు ద్వారం. సంచిలో దాని తాళంచెవి. మధ్యలో ఒకే ఒక్క రాక్షసుడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఎవరో తువ్వాలుతో ఇంటి బయట నిలబడిపోయారట, తలుపుకి దానంతటదే తాళం పడిపోయిందట. ఆయన ఆట ఆపి, గేమ్‌ని బల్లమీద పెట్టి, పళ్ళు నూరుకుంటూ వెళ్ళాడు.

అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుంది. బొత్తాలు నొక్కే పనంతా ఒక్క బొటనవేలి మీదే! టైపిస్టుగా ఆవిడ ప్రాణం విలవిల్లాడింది. వెతగ్గా వెతగ్గా 'బొత్తాల అమరిక' అనే చోటు దొరికింది. 'కొట్టు' అనేదాన్ని కుడి బొటనవేలి కింద నుంచి తీసి ఎడమచేతి చూపుడువేలి దగ్గర పెట్టింది. ఖాళీ అయిన చోటికి 'విసురు' వచ్చి కూర్చుంది. పుణ్యం చేసినట్టు నవ్వుకుని, గేమ్‌ని ఎక్కడిదక్కడ పెట్టేసింది.

ఆయన తిరిగొచ్చేసరికి మొరాయించిన సూట్‌కేసుతో ఒకావిడ కూర్చుని ఉంది.

"ఒక్క క్షణమమ్మా, ఒకణ్ణి చంపేసి వస్తా."

ఆవిడ సూట్‌కేసు ఒళ్ళోకి లాక్కుంది.

తాళాలు తీసేవాడు చేతుల వంక చూడడు. లోపలేముందో వేళ్ళకే తెలుస్తుంది. ఈయనా చూపు రాక్షసుడి మీద నిలిపి, కుడి బొటనవేలితో 'కొట్టాడు'. వీరుడు సంచిలోంచి తాళంచెవి తీసి అగాధంలోకి విసిరాడు. బొత్తాం బిగుసుకుందనుకుని ఇంకా గట్టిగా నొక్కాడు. కత్తి పోయింది. డాలు పోయింది. రొట్టె పోయింది. చివరికి చొక్కా కూడా విసిరేసి వీరుడు చలికి వణుకుతూ నిలబడ్డాడు. రాక్షసుడు జాలిపడలేదు.

తెరుచుకోని దేన్నైనా విప్పదీయడమే ఆయనకి తెలిసిన విద్య. స్క్రూడ్రైవర్ అందుకుని గేమ్ వీపు ఊడదీశాడు. స్క్రూలు, బొత్తాలు బల్లనిండా దొర్లాయి.

"అయ్యో, అదెందుకండీ పీకుతున్నారు!" అత్తగారు పరుగున వచ్చింది. "ఇందాకేగా నేను బాగుచేసి పెట్టింది!"

"ఏం చేశారూ?"

"మీ బొటనవేలి రోగానికి విశ్రాంతిగా ఉంటుందని, కొట్టే బొత్తాన్ని ఎడమవైపుకి మార్చాను."

కుట్టుమిషను ఆగిపోయింది.

"నాకే రోగమూ లేదత్తయ్యా," అన్నాడాయన నీరసంగా. "అది ఆట రకం పేరు. పోయింది ఆటలో బొమ్మ. విదిలించింది వేలు తిమ్మిరెక్కి."

"ఇంతకీ ఎవరు పోయారమ్మా?" సూట్‌కేసావిడ గుమ్మం వైపు జరుగుతూ అడిగింది.

"ఎవరూ పోలేదండీ, కూర్చోండి," అంది భార్య, కుడుతున్న చొక్కా ఎత్తి చూపిస్తూ. "పై బొత్తాం పక్క కాజాలో పెడితే కింద దాకా వంకరే కదా? మా అమ్మ ఒక బొత్తాం మార్చింది. ఈయన చూసుకోకుండా నొక్కారు. కొట్టబోయి విసిరారు. బాగుచెయ్యబోయి విప్పేశారు. అంతే."

"మరి ఒట్టు?" అన్నాడాయన, దొర్లిన స్క్రూలు పోగుచేస్తూ.

భార్య బల్లమీది స్క్రూల వంక చూసింది, తల్లి వంక చూసింది. "నొక్కిన వేలు మీదే గానీ చంపింది మా అమ్మ. ఈ చావు లెక్కలోకి రాదు. ముందు ఈవిడ పెట్టె తెరవండి. తర్వాత మీ గేమ్ వీపు మూయండి."