దాటుతూ పలికే పిట్టలు

తుర్కు ఊళ్ళోని ఆఫీసులో పిర్కో ఒక్కతే మిగిలింది. తోటివాళ్ళందరినీ కంపెనీ హెల్సింకీకి పిలిపించుకుంది. పాత కంప్యూటర్ ప్రోగ్రాములు చూసుకునే మనిషి ఎక్కడుంటే ఏమిటని ఆమెను మాత్రం కదపలేదు. మధ్యాహ్నం రై రొట్టె తింటుంటే తన నములుడే తనకు పెద్దగా వినిపించేది.

ఆ చలికాలం పక్షి పరిశోధకుల నుంచి ఫిర్యాదు వచ్చింది. వాళ్ళ కంప్యూటర్లో పక్షుల పేర్లు వరుసగా ఉంటాయి. మౌస్‌తో ఒక పేరు మీద నొక్కితే ఆ పక్షి కూత వినిపిస్తుంది. కానీ కీబోర్డు మీద కింది బాణం నొక్కుతూ పోతే, దారిలో తగిలిన ప్రతి పక్షీ అరకూత కూసి ఆగిపోతోంది. మౌస్‌తో ఎంచుకున్నా, బాణంతో దాటిపోయినా ప్రోగ్రాముకు ఒకటే కబురు అందుతోందని పిర్కో గ్రహించింది. రెంటినీ విడదీసింది. ఇక బాణం ఊరికే కదులుతుంది; ఎంటర్ నొక్కితేనే కూత.

కొత్త ప్రోగ్రాము వెళ్ళిన వారానికి ఫోను మోగింది.

"ఏం చేశావమ్మా దీన్ని? నోరు పడిపోయింది!"

ఒక దీవి మీది పక్షుల కేంద్రంలో చలికాలమంతా ఒంటరిగా కాపలా ఉండే తౌనో అనే పెద్దాయన.

"పడిపోలేదండీ, బాగుచేశాను. ఎంటర్ నొక్కండి, పలుకుతుంది."

"పలుకుతుంది, ఒక్కటి! ఒక్కదాన్ని ఏం చేసుకోను? బాణం నొక్కిపట్టి కూచుంటే గది నిండా పిట్టలుండేవి. ఇప్పుడు బయట మంచు, లోపల నేను."

పిర్కోకు నవ్వొచ్చింది. "అది తప్పండీ. అందరూ విసుక్కున్నారు."

"వాళ్ళకేం, పక్కన మనుషులున్నారు."

ఆమె నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ రోజంతా కూర్చుని, కావాలనుకున్నవాళ్ళకు పాత పద్ధతే వచ్చేలా ఒక చిన్న గడి చేర్చింది. అందులో టిక్కు పెడితే బాణం మళ్ళీ కూతలు వినిపిస్తుంది. మర్నాడు దాన్ని పంపి, తనే తౌనోకు ఫోన్ చేసి చెప్పింది. అతను టిక్కు పెట్టి, బాణం నొక్కిపట్టి, ఫోను కంప్యూటర్ స్పీకరుకు ఆనించాడు. సారస కొంగలు, ఉల్లంకులు, సముద్రపు బాతులు, ఒకదాని గొంతు మీద ఒకటి పడుతూ వచ్చాయి.

"విన్నావా?"

"ఇంకోసారి పెట్టరూ?"

పెట్టాడు. తరవాత, "చల్లగా ఉండు తల్లీ" అని ఫోను పెట్టేశాడు.

కొన్నాళ్ళు ఆమె ఫోను వంక చూస్తూనే ఉంది. దీవి నుంచి మరో ఫిర్యాదు రాలేదు. బాగా పనిచేస్తున్నదానికి ఏ వంక పెట్టి పలకరించడం? ఒకసారి అతని నంబరు సగం నొక్కి మానేసింది. తరవాతి ఫిర్యాదు ఎవరిదో, కాగితం మీద అచ్చు వంకరగా వస్తోందట. పిర్కో కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ ఫిర్యాదు తెరిచింది.