ఆసియా ఒడ్డున

నేను ఒక మఫ్లర్‌ని. ఇటుకరంగు ఉన్నితో, ఆదోనిలో, మండు వేసవిలో, ఫ్యాను కింద పుట్టాను. నన్ను అల్లిన హైమవతికి ఆ పని అంతగా రాదు. అందుకే నా ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం. ఆమె భర్త భుజంగరావు నన్ను మెడకు చుట్టుకుని, "బాగుంది హైమా. నీలాగే కొంచెం వంకర" అన్నాడు. మనుషుల మెచ్చుకోళ్ళు ఇలా ఉంటాయని అప్పుడే తెలిసింది నాకు.

ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన సారు. ఇస్తాంబుల్ ఒక కాలు యూరప్‌లో, ఒక కాలు ఆసియాలో పెట్టుకున్న ఊరని ఏటా పిల్లలకు చెప్పేవాడు, చూడకుండానే. ఈమధ్య మతిమరుపు మొదలైంది. వీధి మలుపులు, పక్కింటివాళ్ళ పేర్లు జారిపోతున్నాయి. "చూపించాలనుకున్నవి ఇప్పుడే చూపించండమ్మా" అన్నాడు డాక్టరు. హైమవతి ఇంకెవర్నీ అడగకుండా ఇస్తాంబుల్‌కి ప్రయాణం కట్టింది. అక్కడి చలి కోసమే నన్ను అల్లింది.

మొదటిరోజు ఆయన తిరునాళ్ళకొచ్చిన పిల్లాడే. రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాల వీధులు, దుకాణాల్లో కుర్చీలెక్కి నిద్రపోయే పిల్లులు, వాటిని లేపడానికి మనసొప్పక నిలబడి బేరమాడే యజమానులు. నువ్వులద్దిన గుండ్రటి రొట్టె విరిచి సగం ఆమె చేతిలో పెట్టి, "మన చక్కిలం దీనికి మనవరాలు" అని నవ్వాడు. ఆయన మెడ వెచ్చదనంలో నేనూ ఊరు చూశాను. ఆ పూటంతా ఆయన ఏదీ మరిచిపోలేదు. హైమవతికి ఆశ పుట్టింది. ఆశకి వేళాపాళా ఉండదు.

మర్నాడు ఆసియా వైపు వెళ్ళే పడవ ఎక్కారు. గాలి కోసేస్తోంది. పడవ నడినీళ్ళకు చేరేసరికి ఆయన ఆమె వైపు తిరిగి, మర్యాదగా పక్కకు జరిగాడు.

"మీరు ఇట్ల కూర్చోండమ్మా. అక్కడ గాలెక్కువ."

పెళ్ళైననాటి నుంచి ఆయన ఆమెను 'మీరు' అన్నది లేదు. వేళాకోళమేమోనని హైమవతి ఆయన ముఖం చూసింది. కాదు. ఆమె వణకడం చూసి ఆయన నన్ను మెడలోంచి తీసి ఇచ్చాడు.

"కప్పుకోండి. మా ఇంటామె అల్లింది. ఏమీ అనుకోదులే, మంచిది."

ఆమె తీసుకుంది. నేను ఆ చేతుల్లో పుట్టినదాన్నే. అవి అంత చల్లబడగా ఎన్నడూ ఎరగను.

"ఆమె రాలేదా సారూ?" అంది నన్ను మెడకు చుట్టుకుంటూ.

"లేదమ్మా, ఎందుకో రాలేదు. ఈ ఊరు తనకి చూపియ్యాల."

"పేరేమిటి?"

"హైమ." తడుముకోకుండా చెప్పాడు.

ఒడ్డు చేరాక ఇద్దరూ బెంచీ మీద కూర్చుని టీ తాగారు. ఆయన ఆ పరాయి మనిషికి తన భార్య గురించి చెబుతూ పోయాడు. ఎంత కోపంలోనైనా తనకు అన్నం పెట్టకుండా పడుకోదని. పుట్టిన బిడ్డ పోయిననాడు తన ఏడుపు ఆపుకుని, ఏడుస్తున్న మొగుడి తల నిమిరిందని. ఆమె లేకపోతే ఆ ఏడే తాను ఏమైపోయేవాడోనని. ఒక్కో మాటా హైమవతి మొదటిసారి వింటోంది.

"ఇవన్నీ ఆమెతో ఎప్పుడైనా చెప్పినారా?"

"లేదు. ఇంటికి పోయినాక చెప్తా."

ఇంటికి వచ్చారు. ఆయన చెప్పలేదు. ఇప్పుడు మాటలే తగ్గిపోయాయి. నేను బీరువా అడుగు అరలో, కలరా ఉండల వాసనలో ఉన్నాను. ఆదోని ఎండలకి నాతో పనేముంది? అయినా ఒక్కో మధ్యాహ్నం, ఆయన కునుకు తీశాక, హైమవతి నన్ను తీసి మెడకు చుట్టుకుంటుంది. చెమటకు జాకెట్టు తడిసిపోతుంది. అలాగే కూర్చుంటుంది.